దండెం మీద చిలకపచ్చ చీర

మొన్న మా ఫ్లాట్ల నీళ్ల ట్యాంకు పుణ్యమా అని, ఈ వయసులో మళ్లీ విద్యార్థినై కూర్చోవాల్సి వచ్చింది. మా భవనానికి ఒక సంఘం, ఆ సంఘానికి ఒక కార్యదర్శి పదవి ఉన్నాయి. ఎవరికీ అక్కర్లేని ఆ పదవి, మీటింగులో నేను కునుకు తీస్తున్న సమయం చూసి నా నెత్తిన పెట్టారు. ట్యాంకులో నీళ్లు ఎంతవరకు ఉన్నాయో వాచ్‌మన్ రోజూ చెబుతాడు, మోటారు వెయ్యాలో వద్దో నేను చెప్పాలి. ఈ మాత్రం దానికి ఇద్దరు మనుషులెందుకు, కంప్యూటరే చెబుతుందిగా అని మా అమ్మాయి తన లాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి నా ముందు పెట్టింది. ఉద్యోగం చేసిన రోజుల్లో బీరువాలంతేసి యంత్రాలతో వేగినదాన్నే గానీ, ఈ గడుల వ్యవహారం నాకు కొత్త. అయినా పంతం కొద్దీ, అమ్మాయి చెయ్యి పక్కకి నెట్టి నేనే సూత్రం రాశాను. నీళ్లు సగానికన్నా తగ్గితే ‘మోటారు వెయ్యాలి’ అని చూపించమన్నాను. మీట నొక్కగానే నీళ్లు తగ్గిన రోజుల పక్కన నా మాట బుద్ధిగా వచ్చి కూర్చుంది. మిగిలిన గడులన్నిట్లో మాత్రం ‘ఫాల్స్’ అని పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి. నేనేదో అబద్ధమాడి పట్టుబడినట్టు నాకు ఒళ్లు మండింది.

“అమ్మా, తగ్గితే ఏం చెయ్యాలో చెప్పావు. తగ్గకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు” అంది మా అమ్మాయి.

“తగ్గకపోతే ఏమీ చెయ్యక్కర్లేదని ఆ మాత్రం తెలీదా దానికి?”

“తెలీదు. అయితే ఏంటి, కాకపోతే ఏంటి, రెండూ చెప్పాలి.”

నాకు కోపం పోయి నవ్వొచ్చింది. ఆ మాట మా అమ్మాయిది కాదు. అది వాళ్ల నాయనమ్మ మాట, అక్షరం పొల్లు పోకుండా. దాని పెదవి విరుపుతో సహా ఆవిడదే. విచిత్రమేమిటంటే, మా అత్తగారు ఆ మాట నాకు నూరిపోసిన రోజుల్లో ఈ పిల్ల ఇంకా బోర్లా పడడం కూడా సరిగ్గా నేర్చుకోలేదు.

డెబ్భైల్లో, మేం గుణదలలో ఉండేవాళ్లం. ఏలూరు రోడ్డు మీదకి కనిపించే మేడ ఇల్లు. మేడ అంటే ఏమీ ఊహించుకోకండి, కింద రెండు గదులు, పైన ఒక పిట్టగోడ, ఆ గోడ వెంబడి దండెం, అంతే. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం కడుతున్న కాలం అది. మా ఆయన అక్కడ పనిలో ఉండి, షిఫ్టుల మధ్య ఇంటికి చుట్టపు చూపుగా వచ్చి, పిల్లని ఎత్తుకుని, నిద్రపోయి వెళ్లేవారు. ఇంట్లో ఉండేది మా అత్తగారు, నేను, పాలు తాగే పిల్ల. మా మామగారు అప్పటికి కొన్నేళ్ల క్రితమే పోయారు. అత్తగారి పుట్టిల్లు బందరు అవతల, సముద్రం ఒడ్డున. వాళ్లది వేటకి వెళ్లే కుటుంబం. రైల్వే ఉద్యోగస్తుణ్ణి చేసుకుని బెజవాడ వచ్చి ముప్ఫై ఏళ్లయినా ఆవిడ ఒంట్లోంచి సముద్రం పోలేదు. పొద్దున్నే మేడెక్కి గాలి ఎటు వీస్తోందో చూడనిదే పొయ్యి వెలిగించేది కాదు. ఆ గాలితో బెజవాడలో ఆవిడకి పనేమిటో నాకెప్పుడూ బోధపడలేదు. ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటానికి దీపం పెట్టేది, ఆదివారం వస్తే కొండమీది మేరీమాతకి కొవ్వొత్తి వెలిగించి వచ్చేది. ఇద్దరూ మనల్ని కనిపెట్టుకునే ఉంటారు కదా, ఒకరికి పెట్టి ఒకరికి మానెయ్యడం ఏం మర్యాద అనేది.

ఆవిడకి అసలు పడని మాట ‘చూద్దాం’. మా ఆయన ఆ మాట లేనిదే పూట గడవని మనిషి. ఆదివారం వస్తావా అంటే చూద్దాం. పిల్లకి మందు తెస్తావా అంటే చూద్దాం. ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేది. “ఏందిరా చూసేది? ఒస్తే చేప కూర వండుతా, రాకపోతే పప్పు పెట్టుకుంటాం. ఏదో ఒకటి చెప్పి చావు. అయితే ఏంటి, కాకపోతే ఏంటి, రెండూ చెప్పాలి మనిషన్నాక” అనేది. బజారుకి పంపినా అంతే. వంకాయలు లేతగా ఉంటే అవి తే, లేకపోతే దొండకాయలు తే, అవీ లేకపోతే ఉత్త చేతులతో రా గానీ ముదురువి మాత్రం తేకు. ఆవిడ చెప్పిన పనిలో దారి తెలియక నిలబడిపోవడమంటూ ఉండేది కాదు.

నేను గన్నవరం వైపు ఒక బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. అది సెలవు మీద వెళ్లిన టీచరుగారి స్థానం. వేసవి సెలవుల తర్వాత ఆవిడ తిరిగొస్తే నేను ఇంట్లో కూర్చోవాల్సిందే. సరిగ్గా ఆ ఏడాదే గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క సందులో, బట్టల కొట్టు మేడ మీద, సాయంత్రాలు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పుతామని బోర్డు పెట్టారు. మద్రాసులో పనిచేసి వచ్చిన మాస్టారొకాయన చెప్పేవారు. ఆ పరీక్ష పాసైతే ఊళ్లోనే ఒక పెద్ద ఆఫీసులో, కొత్తగా పెడుతున్న యంత్రాల విభాగంలోకి తీసుకుంటారని అందరూ నమ్మకంగా చెప్పుకునేవారు. నాకు ఆ ఉద్యోగం కావాలని ఎంత ఆశగా ఉండేదో ఇప్పుడు చెబితే నవ్వుతారు. దారిలో వచ్చేటప్పుడు ఆ ఆఫీసు మెట్లు చూసి, అవి ఎక్కుతున్నట్టు ఊహించుకునేదాన్ని.

ఆ క్లాసులో లేనిదల్లా కంప్యూటరు. మేం ఎవరం దాన్ని చూడలేదు, దాని ఫోటో ఒకటి గోడ మీద ఉండేది. మా ముందు ఉండేవి గళ్ల కాగితాలు. గడికో అక్షరం చొప్పున యంత్రానికి చెప్పాల్సిన మాటలు రాసి ఇస్తే, అవి మద్రాసు వెళ్లి, అట్టముక్కల మీద కన్నాలై, యంత్రం మింగి, దానికి ఏం అర్థమైందో మళ్లీ పోస్టులో మాకు తెలిసేది. చుక్క మర్చిపోయామన్న సంగతి తెలియడానికి వారాలు పట్టేది. మాస్టారు నల్లబల్ల మీద గాలిపటం ఆకారం గీసి, అందులో ఒక ప్రశ్న రాసి, రెండు కొసల నుంచి రెండు గీతలు లాగేవారు. అవును అయితే ఇటు, కాదు అయితే అటు. నాకు ఎప్పుడూ ‘అవును’ గీత మీదే ధ్యాస. మార్కులు వస్తే పాసు అని రాసి హాయిగా ఊరుకునేదాన్ని. మాస్టారు నా గళ్ల కాగితం మీద ఎర్ర సున్నా చుట్టి, “అమ్మా, రాకపోతే ఏమిటండీ పాపం వాడి గతి? యంత్రం అక్కడే ఆగిపోయి మీ కోసం ఎదురుచూస్తోంది” అనేవారు. ఇంటికి వచ్చి అది అత్తగారికి చెబితే ఆవిడ అరగంట నవ్వింది. “ఆ మాస్టారికి నా దణ్ణం చెప్పు” అంది.

అంతా బాగానే ఉండేది గానీ, పిల్లకి గాలి చెమ్మబారితే ఆయాసం వచ్చేది. చిన్న గుండె ఎగిరెగిరి పడుతుంటే, డొక్కలు లోపలికి పోతుంటే చూడలేకపోయేదాన్ని. ఒకసారి బడి నుంచి వస్తూ మా ఇల్లు దాటి క్లాసుకి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి అత్తగారు పిల్లని భుజాన వేసుకుని డాక్టరు దగ్గర నుంచి వస్తోంది. పిల్ల తేరుకుంది గానీ నేను తేరుకోలేదు. ఇక క్లాసు మానేస్తానని ఆ పూటే చెప్పేశాను. ఇళ్లల్లో ఫోన్లు లేని కాలం. బడి నుంచి నేనెక్కే బస్సు మా ఇంటి ముందు నుంచే గవర్నర్‌పేట వెళుతుంది. దిగి, పిల్లని చూసుకుని, మళ్లీ ఇంకో బస్సు కోసం నిలబడితే క్లాసు సగం అయిపోతుంది.

అత్తగారు ఆలోచించింది. తర్వాత పెట్టె తెరిచి అడుగు నుంచి ఒక చీర తీసింది. చిలకపచ్చ, ఎర్ర అంచు. మామగారు ఆఖరిసారి కొన్న చీర అది. ఆయన పోయాక ఆవిడ వెలిసిన రంగులే తప్ప కట్టలేదు, ఇదైతే పెట్టెలోంచి తియ్యనే లేదు.

“రేపటి నుంచి నీ బస్సు వేళకి ఇది పైన దండెం మీద ఏస్తా. చీర కనపడితే పిల్ల బాగున్నట్టు, దిగకుండా క్లాసుకి ఎళ్లు. చీర లేకపోతే దిగి ఇంటికి రా. అంతే.”

“తిరగేసి పెట్టుకుందాం అత్తయ్యా. బాగాలేనప్పుడే చీర వెయ్యండి. రోజూ మీకెందుకు ఆ మెట్లెక్కే శ్రమ?” అన్నాను తెలివిగా.

ఆవిడ నా వంక జాలిగా చూసింది. “పిల్ల ఎగపోస్తుంటే దాన్ని వదిలేసి పైకెక్కి చీరలారేస్తానా?” అంది. అప్పుడు చెప్పింది వాళ్ల ఊరి సంగతి. వాళ్ల ఊరి దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుక మేటలు జరుగుతూ ఉంటాయట. వేట నుంచి వచ్చే పడవలకి లోపలికి రావడం క్షేమమో కాదో తెలియదు. నీళ్లు బాగుంటే ఒడ్డున ఆడవాళ్లు గెడకి రంగు చీర కట్టి నిలబెట్టేవాళ్లట. చీర కనిపిస్తే పడవ లోపలికి వస్తుంది. కనిపించకపోతే, కారణం ఏదైనా సరే, చుట్టు తిరిగి పై రేవుకి పోతుంది. “చీర ఎగిరిపోయి ఉండొచ్చు, కట్టేదానికి జొరమొచ్చి ఉండొచ్చు. అయినా చుట్టు తిరగాల్సిందే. తిరిగితే ఒక పూట ఆలిస్యం. తిరక్కపోతే మడిసే ఉండడు” అంది. నేను ఆ తర్వాత ఎన్నో ఏళ్లు యంత్రాలకి షరతులు రాశాను. పొరపాటు జరిగేట్టయితే ఏ వైపు జరగాలో ముందే ఎంచుకోవాలని నాకు మొదట తెలిసింది ఆ పూట, ఆ పెట్టె పక్కన.

మర్నాటి నుంచి అది మా ఇంటి చట్టమైంది. రామవరప్పాడు దాటగానే నేను ఎడమవైపు కిటికీకి అతుక్కుపోయేదాన్ని. మేడ కనిపించాక స్టాపు వచ్చేలోగా తేల్చుకోవాలి. దూరం నుంచి పచ్చగా ఎగురుతూ కనిపించగానే ఊపిరి పీల్చుకుని సీట్లో వెనక్కి వాలేదాన్ని. కొన్నాళ్లకి కండక్టరు ఆరా తీశాడు. కథ విన్నాక అతను నాకన్నా పట్టుదలగా మా మేడ చూసేవాడు. “ఉందండీ చీర, కూర్చోండి టీచరుగారూ!” అని అరిచి విజిలు ఊదేవాడు. రోజూ ఆ బస్సెక్కేవాళ్లందరికీ మా పిల్ల ఆరోగ్యం ఆరోజు ఎలా ఉందో తెలిసిపోయేది.

ఒకసారి మాత్రం చీర లేదు. బస్సు ఆగకముందే దూకి, చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. చూస్తే పిల్ల వసారాలో కాళ్లాడిస్తూ నవ్వుతోంది. మబ్బు పట్టిందని పక్కింటావిడ మంచి మనసుతో తమ బట్టలతోపాటు మా చీర కూడా తీసి, మడతపెట్టి ఇచ్చిందట. నేను అలసటతో ఏడ్చేశాను. అత్తగారు మజ్జిగ ఇచ్చి, “ఏడుస్తావేం? క్లాసే కదా పోయింది” అంది. వాన వస్తే ఏం చెయ్యాలో దానికి వేరే గుర్తు పెట్టుకుందామన్నాను. బిందె బోర్లించడమో, గొడుగు కట్టడమో. ఆవిడ ఒప్పుకోలేదు. “రెండు గుర్తులు పెడితే ఏది దేనికో నేనే మర్చిపోతా. చీర ఉంటే ఎళ్లు, లేకపోతే రా. వానైనా అంతే.” నాకు మాత్రం ఆ సంగతి తేలనట్టే ఉండిపోయింది.

పరీక్ష రోజు పొద్దున్నే మబ్బు. మధ్యాహ్నానికి కుండపోత. ఆ రోజు తప్పితే మళ్లీ పరీక్ష ఉండదని, తన పని ముగించుకుని మద్రాసు వెళ్లిపోతున్నానని మాస్టారు ముందే చెప్పారు. బడిలో పిల్లలకి ఏం చెప్పానో నాకే తెలియదు. వానకి చీర ఎలా ఆరేస్తారు? ఆరేసినా తడిసి తాడుకి చుట్టుకుపోతే రోడ్డు మీదకి ఏం కనిపిస్తుంది? కనిపించకపోతే పిల్ల బాగానే ఉందనుకుని వెళ్లిపోనా? అసలు పిల్లకి ఆయాసం వచ్చేదే ఇలాంటి గాలికి. బస్సు ఎక్కేసరికి కిటికీలకి కాన్వాసు తెరలు దించేశారు, లోపలంతా చీకటి, తడి గొడుగుల వాసన. దారిలో నీళ్లు నిలిచి బస్సు ఈదుకుంటూ వస్తోంది. రామవరప్పాడు దాటాక నేను తెర పైకెత్తాను. పక్కనున్న పెద్దాయన ఒళ్లో జల్లు పడి ఆయన కేకలేస్తున్నారు. మా మేడ కనిపించింది. దండెం ఖాళీ.

లేచి తలుపు దగ్గరికి నడిచాను. మనసులో తర్జనభర్జన ఏమీ లేదు. లేకపోతే దిగు, అంతే. ఆ ఆఫీసు మెట్లు ఇక నావి కావని అనుకున్నాను. పై మెట్టు మీద నిలబడి, దిగుతానని చెప్పేందుకు వెనక్కి తిరిగితే, కండక్టరు తలంతా బయటికి పెట్టి వానలో చూస్తున్నాడు.

“చీర ఉందండీ!” అని అరిచాడు. “ఉంది టీచరుగారూ! పెద్దావిడ కట్టుకుని ఉంది!”

నేనూ చూశాను. పిట్టగోడ మూల, మామగారి నల్ల గొడుగు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కొంగు బారుగా చాపి, చిలకపచ్చ చీరలో మా అత్తగారు నిలబడి ఉంది. పెట్టెలో దాచుకున్న రంగుని ఒంటికి చుట్టుకుని, ఏలూరు రోడ్డంతా చూసేలా, ఆ వానలో. బస్సు దగ్గరకొచ్చేసరికి కొంగు ఇంకా పైకెత్తి పొమ్మన్నట్టు ఊపింది. కండక్టరు విజిలు ఊదాడు. నేను దిగలేదు. మెట్టు మీదే నిలబడి ఏడుస్తూ గవర్నర్‌పేట వెళ్లాను. పిల్ల ఎవరి దగ్గరుందోనన్న బెంగ కూడా పడలేదు. పిల్ల బాగోకపోతే ఆవిడ అక్కడ ఉండదు. ఆ ఒక్క షరతు మీద నేను నిశ్చింతగా పరీక్ష రాశాను, ప్రతి గాలిపటానికీ రెండు గీతలూ గీసి మరీ.

తిరిగి వచ్చేసరికి పిల్ల పక్కింటావిడ ఒళ్లో నిద్రపోతోంది. అత్తగారు మళ్లీ వెలిసిన చీర కట్టుకుని, తుమ్ముతూ మిరియాల చారు తాగుతోంది. పచ్చ చీర వసారాలో నీళ్లు కారుతోంది.

“ఎంతసేపు నిలబడ్డారత్తయ్యా?”

“బస్సు ఆలిస్యమైతే నన్నేం చెయ్యమంటావు? వచ్చిందాకా నిలబడ్డా.”

“ఆ చీర కట్టారేం?”

“ఆరేసి చూశా. తడిసి తాడుకి చుట్టుకుపోయింది. మడిసికి చుడితేనే నిలబడుద్ది.”

“ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని…” అని పక్కింటావిడ ఏదో అనబోయింది.

“చూడాలనేగా కట్టింది” అంది మా అత్తగారు.

పాసయ్యాను. ఆ మెట్లెక్కాను, రిటైరయ్యేదాకా ఎక్కుతూనే ఉన్నాను. పెద్దదయ్యేకొద్దీ పిల్లకి ఆయాసం దానంతటదే తగ్గిపోయింది. చీర మాత్రం ఆ రోజు వానకి అంచు రంగు దిగి పాడైంది. నేను బాధపడితే, ఏం పర్లేదు, ఆయన కొన్నందుకు ఇప్పటికి పనికొచ్చింది అంది ఆవిడ. మనవరాలి పెళ్లి కళ్లారా చూసి, ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని, ఇక లేవలేదు. పొద్దున్న మాత్రం మామూలుగానే మేడెక్కి గాలి చూసి వచ్చింది.

మొన్నటి సూత్రంలో ఖాళీగా వదిలేసిన మూడో భాగం మా అమ్మాయి ఎదుటే నింపాను. నీళ్లు తగ్గితే ‘మోటారు వెయ్యాలి’, లేకపోతే ‘నిశ్చింతగా ఉండండి’. వాచ్‌మన్‌కి అది తెగ నచ్చింది. రోజూ ట్యాంకు చూసి వచ్చి, ఇవాళ నిశ్చింతేనండీ అని చెప్పి మరీ వెళుతున్నాడు.

గుణదలలో ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ అంతస్తుల భవనం లేచింది. ఆ దారిన ఎప్పుడు వెళ్లినా, వద్దనుకున్నా నా తల ఎడమవైపు తిరుగుతుంది. చీర కనిపించదు. ఆవిడ చెప్పిన మాట ప్రకారం, కారణం ఏదైనా సరే, నేను అక్కడ దిగి ఇంటికి వెళ్లాలి. నాలోంచి ఆనాటి పసిపిల్ల తల్లి ఒకతి ప్రతిసారీ చెప్పులు చేతపట్టుకుని దిగి పరిగెడుతూనే ఉంది. నేను మాత్రం, వయసు నన్ను కూర్చోబెట్టిన ఈ సీట్లోంచి లేవకుండా, ముందుకే వెళ్లిపోతున్నాను.